సైనికుడి వైకల్య పింఛను: నిరూపించాల్సింది ఎవరు?

(దాచేపల్లిలో జరిగిన మన సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చి రేటు గురించి, సాగర్ కుడి కాలువ నీళ్ల గురించి మాట్లాడుకోవాల్సిన మీటింగులో మిలిటరీ పింఛను సంగతేందని ఇందాక ఒకరిద్దరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికే జవాబు చెబుతాను.

మన ఊళ్ల నుంచి మిలిటరీకి పోతున్నది ఎవరు? రెండెకరాలోడి కొడుకు, కౌలు రైతు కొడుకు, కూలికి పోయే తల్లి కొడుకు. తెల్లారుజామున నాలుగింటికి రోడ్డు మీద, కాలువ కట్ట మీద పరిగెత్తే కుర్రాళ్లను మీరూ చూస్తూనే ఉన్నారు. దేశభక్తి లేదని నేననను, ఉంది. దాంతోపాటు ఇంకోటి కూడా ఉంది. పత్తి గిట్టడం లేదు, మిరపకు తెగులు, మందుల కొట్టులో బాకీ. వాడు నెలనెలా పంపే జీతంతోనే ఆ బాకీ తీరాలి, చెల్లి పెళ్లి కావాలి. అట్టాంటి కుర్రాడు కాలు దెబ్బతినో, చెవులు పోయో, ఫిట్స్ వచ్చో ఇంటికి తిరిగొస్తే ఆ బరువు ఎవరి మీద పడుద్ది? మళ్లీ ఆ రెండెకరాల మీదే. అందుకని ఇది రైతు సమస్యే. సంఘం పట్టించుకోవాల్సిన సమస్యే.

ఇంకో సంగతీ ఉంది. నష్టపరిహారం అన్న మాట మనకు కొత్తది కాదు. వానకు పంట పోతే 33 శాతం పైన పోయిందని లెక్క తేలాలి, అప్పుడే పెట్టుబడి సాయం. కౌలుదారైతే సాగు హక్కు కార్డు చూపాలి. అది లేకపోతే పంట వాడిది కాదన్నట్టే లెక్క. అప్పుల బాధతో రైతు చనిపోతే 2004లో వచ్చిన జీవో 421 కింద ఆర్డీఓ, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ ముగ్గురు కలిసి విచారిస్తారు. ఆ చావు సాగు అప్పు వల్లే వచ్చిందని ఎవరు చూపించాలి? తాళి తెగిన ఆడమనిషి. అప్పు కాగితాలు, పొలం కాగితాలు, అన్నీ ఆమే తేవాలి. అంటే మన విషయంలో నష్టపోయినోడే రుజువు తేవాలన్నది పద్ధతి. దానికి ఎంతగా అలవాటు పడ్డామంటే, ప్రపంచంలో ఇంకో పద్ధతి ఉంటుందన్న ఊహే పోయింది.

సైనికుడి వైకల్యం విషయంలో రూలు దీనికి తలకిందులు. అక్కడ కుర్రాడు నిరూపించక్కర్లేదు. ఇవ్వం అనే ప్రభుత్వమే కారణం చెప్పాలి. నేను ఈరోజు చెప్పొచ్చిన మాట ఇదే. మిగతాదంతా దీనికి వివరం.

రూలు ఎక్కడుందో చెబుతాను. సైన్యం పింఛను నిబంధనలు 1961లో వచ్చాయి. అందులో 173వ నిబంధన, సైన్యం ఉద్యోగం వల్ల వచ్చిన వైకల్యం గానీ, ఆ ఉద్యోగం వల్ల ముదిరిన వైకల్యం గానీ 20 శాతం, ఆ పైన ఉండి, దానివల్ల ఉద్యోగం నుంచి పంపేస్తే వైకల్య పింఛను ఇవ్వాలంటుంది. ఇక్కడ ఒక్క మాట పట్టుకోండి. ఉద్యోగం వల్ల వచ్చిందా, లేక ముదిరిందా. రెండూ అక్కర్లేదు, ఒక్కటి చాలు. లోపల ఎక్కడో ఉన్న జబ్బు మంచు కొండల్లో కాపలా కాస్తే ముదిరిందనుకోండి, అదీ లెక్కలోకి వస్తుంది.

ఆ తర్వాత 1982లో ఇంకో నిబంధనలు తెచ్చారు, ఎవరికి హక్కు ఉంటుందో తేల్చేవి. వాటిలో మూడు ముఖ్యమైన సంగతులున్నాయి. సైన్యంలో చేరే రోజున రాసుకున్న జబ్బులు తప్ప మనిషి శరీరం, మనసు రెండూ బాగున్నట్టే అనుకోవాలి. తర్వాత జబ్బు కారణంగా పంపేస్తే, ఆ ఆరోగ్యం ఉద్యోగం వల్లే చెడిందని అనుకోవాలి. రుజువు తెమ్మని సైనికుడిని అడగకూడదు, అనుమానం ఏదైనా ఉంటే ఆ లాభం అతనికే ఇవ్వాలి. యుద్ధ రంగంలో, సరిహద్దులో పనిచేసినవాడికైతే ఆ లాభం ఇంకా ఉదారంగా ఇవ్వాలని కూడా రాశారు.

ఎందుకిట్టా రాశారు? మనకు అర్థమయ్యే మాటలో చెబుతా. నీ ట్రాక్టర్ అద్దెకు అడగడానికి ఒకడొచ్చాడు. టైర్లు చూశాడు, ఇంజను స్టార్ట్ చేసి చూశాడు, గేర్లు వేసి చూశాడు, మెకానిక్కును తెచ్చి చూపించుకున్నాడు. అంతా బాగుందని తీసుకుపోయి, తొమ్మిదేళ్లు వాడి, గేర్‌బాక్స్ పగిలిన ట్రాక్టర్ తెచ్చి వాకిట్లో పెట్టాడు. పెట్టి, "ఇది మొదట్నుంచీ ఇంతే, నాకు సంబంధం లేదు" అంటే ఊరుకుంటావా? సైన్యంలో తీసుకునేటప్పుడు కుర్రాడిని ఎట్టా చూస్తారో పోయొచ్చినోళ్లను అడగండి. పరిగెత్తిస్తారు, ఛాతీ కొలుస్తారు, పళ్లు లెక్కపెడతారు, మోకాళ్లు దగ్గరికి తగిలితే పొమ్మంటారు. మనసు, చెవులు, కాళ్లూ చేతులు, శరీర దారుఢ్యం, కళ్లు, ఈ ఐదూ చూసి "షేప్ వన్" అని రాస్తారు. అంత చూసి తీసుకున్నవాడిని పంపేటప్పుడు, ఈ జబ్బు పుట్టుకతోనే ఉంది అంటే సరిపోతుందా?

అచ్చంగా ఇదే జరిగింది ధరమ్‌వీర్ సింగ్ అనే జవాను విషయంలో. సిగ్నల్స్ విభాగంలో సిపాయి. 1985 జూన్‌లో చేరాడు. దాదాపు తొమ్మిదేళ్లు చేశాక ఫిట్స్ వస్తున్నాయని 1994 ఏప్రిల్‌లో పంపేశారు. వైకల్యం 20 శాతం, శాశ్వతం అన్నారు. అయితే దానికీ సైన్యానికీ సంబంధం లేదన్నారు, పింఛను లేదన్నారు. హైకోర్టులో ఒక జడ్జి ఇమ్మన్నారు, పైన ఇద్దరు జడ్జీల బెంచి వద్దంది. చివరికి 2013 జూలైలో సుప్రీంకోర్టు, చేరేటప్పుడు జబ్బు రాసి లేనప్పుడు, మెడికల్ బోర్డు కారణం చూపనప్పుడు, ఆ జబ్బు ఉద్యోగం వల్లే వచ్చిందనుకోవాలని చెప్పి పింఛను ఇప్పించింది. 19 ఏళ్లు పట్టింది. కానీ ఆ తీర్పు తర్వాత వేల మందికి అక్కరకొచ్చింది. 2014లో సుఖ్విందర్ సింగ్ కేసులో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. వైకల్యం కారణంగా ఉద్యోగం నుంచే పంపేశారంటే అది 20 శాతం పైన ఉన్నట్టే అనుకోవాలని. లేకపోతే 15 శాతమో, 19 శాతమో అని రాసి, ఉద్యోగమూ లేకుండా పింఛనూ లేకుండా పంపేసే దారి ఒకటి ఉండేది.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. మెడికల్ బోర్డు కాగితాల్లో ఒక గడి ఉంటుంది. అందులో ఇంగ్లీషులో నాలుగక్షరాలు కొడతారు, ఎన్ ఏ ఎన్ ఏ. కలిపి చదివితే నానా. ఉద్యోగం వల్ల రాలేదు, ఉద్యోగం వల్ల ముదరలేదు అని దానర్థం. మన తెలుగులో నానా అగచాట్లు అంటామే, ఆ నాలుగక్షరాలు పడ్డ కుర్రాడికి అవి అప్పుడే మొదలవుతాయి. ఆ కాగితం చూడగానే ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారంటే, డాక్టర్లు తేల్చేశారు, మనమేం చేస్తాం అని. అక్కడే మోసపోతున్నాం. ఆ నాలుగక్షరాల పక్కన కారణం ఏం రాశారో చూడాలి. "జన్మతః" అని రాశారా? మరి చేరేటప్పుడు ఎందుకు కనబడలేదు? "శాంతి ప్రాంతంలో ఉండగా వచ్చింది" అని రాశారా? శాంతి ప్రాంతంలో ఉన్నాడన్న ఒక్క ముక్క కారణం కాదని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో స్పష్టంగా చెప్పింది. ఏమీ రాయలేదా? ఇంకా మంచిది. కారణం లేని బోర్డు అభిప్రాయాన్ని పట్టుకొని పింఛను ఎగ్గొట్టడానికి వీల్లేదని 2025 మే నెలలో సుప్రీంకోర్టు, మానసిక జబ్బుతో బయటికొచ్చిన ఒక జవాను కేసులో చెప్పింది. అంతకు ముందు నెలలోనే సియాచిన్ మంచులో పనిచేసి ఫిట్స్‌తో 1989లో ఇంటికొచ్చిన ఇంకో జవానుకు 50 శాతం వైకల్య పింఛను ఇమ్మంది. 1989 ఎక్కడ, 2025 ఎక్కడ! 36 ఏళ్లు. ఇరవైల్లో బయటికొచ్చిన మనిషికి అరవై దగ్గరపడ్డాక న్యాయం.

అట్టాగని ప్రతి కేసూ గెలుస్తుందని నేను చెప్పను. 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో మానసిక జబ్బుకే సుప్రీంకోర్టు పింఛను లేదంది. చేరేటప్పుడు చేసే పరీక్షలో బయటపడని జబ్బులు కొన్ని ఉంటాయి, ప్రతిదాన్నీ ఉద్యోగానికి అంటగట్టలేమంది. కాబట్టి రూలు మన పక్కనుంది అంటే గెలుపు జేబులో ఉందని కాదు. బోర్డు ఏం రాసిందో చదివి, దానికి జవాబు రాయాలి. అంతే.

డబ్బు లెక్కకు వద్దాం. ఇది ఎక్కువమందికి తెలియదు. సైన్యం నుంచి వైకల్యంతో పంపేస్తే పింఛనులో రెండు భాగాలుంటాయి. ఒకటి సర్వీసు భాగం. వైకల్యం ఉద్యోగం వల్లే అని ఒప్పుకుంటే ఎంత తక్కువ కాలం చేసినా ఇది వస్తుంది, ఇన్నేళ్లు చేసి ఉండాలన్న షరతు లేదు. రెండోది వైకల్య భాగం. నూటికి నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం. తక్కువైతే ఆ లెక్కన తగ్గుతుంది. చివరి జీతం నెలకు 40,000 అనుకోండి. నూరు శాతానికి 12,000. 20 శాతానికి లెక్క కడితే 2,400.

కానీ ఇక్కడ ఇంకో రూలుంది. 1996 జనవరి నుంచి అమల్లో ఉంది, దాని ఉత్తర్వు 2001 జనవరి 31న వచ్చింది. 50 శాతం లోపు ఉన్నదాన్ని 50గా, 50 నుంచి 75 మధ్య ఉన్నదాన్ని 75గా, ఆ పైన ఉన్నదాన్ని 100గా లెక్కగట్టాలి. అంటే ఇందాకటి 20 శాతం కుర్రాడికి 2,400 కాదు, 6,000. దాని మీద కరువు భత్యం అదనం. మొదట్లో ఇది మధ్యలో పంపేసినవాళ్లకే అన్నారు. పూర్తి సర్వీసు చేసి వైకల్యంతో రిటైరైనవాళ్లకు కూడా ఇవ్వాలని 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక్కడున్న మాజీ సైనికుల కుటుంబాల్లో ఎవరికైనా పింఛను కాగితంలో వైకల్యం 20, 30 శాతం అని ఉండి, డబ్బు కూడా ఆ లెక్కనే పడుతుంటే, అది చూపించండి. ముక్కున వేలేసుకునేంత తేడా ఉంటుంది.

శత్రువు కాల్పుల్లో, యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లది వేరే లెక్క. దాన్ని యుద్ధ గాయం పింఛను అంటారు. పంపేస్తే నూరు శాతం వైకల్యానికి ఆ భాగమే చివరి జీతమంత ఉంటుంది. దాని కేసుల్లో తగాదాలు తక్కువ, ఎందుకంటే తూటా దెబ్బ కళ్లకు కనబడుతుంది. తగాదా అంతా కనబడని దెబ్బల దగ్గరే. చెవులు, గుండె, నరాలు, మనసు.

ఏ సంబంధమూ లేదని తేలినా ఒక దారి ఉంది. పదేళ్లు చేసి ఉంటే ఇన్వాలిడ్ పింఛను వస్తుంది. పదేళ్లు నిండనివాళ్లకు గ్రాట్యుటీ చేతిలో పెట్టి పంపేవాళ్లు. దీన్ని 2020 జూలైలో మార్చారు. 2019 జనవరి 4 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు, ఆ తర్వాతివాళ్లకు పదేళ్లు నిండకపోయినా ఇస్తామన్నారు. అయితే సైన్యానికే కాదు, బయటి ఉద్యోగానికీ శాశ్వతంగా పనికిరాడని తేలాలి.

ఇప్పుడు చెప్పేది రైతు కుటుంబాలకు ప్రత్యేకం, కాస్త వినండి. కుర్రాడు సెలవుకు ఇంటికొస్తాడు. వచ్చినోడు మంచం మీద కూర్చోడు కదా. నాన్నకు ఒళ్లు బాగోలేదని పొలం పోతాడు, మోటారు స్టార్టర్ పట్టుకుంటాడు, షాక్ కొడుతుంది. లేదా ట్రాక్టర్ తిరగబడుతుంది. చెయ్యి పోయింది. సెలవులో ఉన్నా నేను సైనికుడినే కదా అంటాడు. నిజమే, కానీ పింఛనుకు అది చాలదు. ఆ ప్రమాదానికీ సైన్యం పనికీ సంబంధం ఉండాలి అంటున్నాయి కోర్టులు. సెలవులో బంధువుల ఇంటి మెట్ల మీద నుంచి పడిన నాయక్ విజయ్ కుమార్ కేసులో 2015లో సుప్రీంకోర్టు కాదంది. సెలవులో ఇంటికి రావడం, ఇంటి నుంచి తిరిగి పోవడం మాత్రం వేరు. ప్రభుత్వ ఖర్చుతో చేసే ఆ ప్రయాణాన్ని డ్యూటీ కిందే లెక్క పెడతారు. ఆ దారిలో ప్రమాదం జరిగితే హక్కు ఉంది. అందుకని టికెట్టు, సెలవు కాగితం, ఏ రోజు ఎక్కడ ఉన్నాడన్నది, ఇవన్నీ దాచుకోవాలి. తల్లిదండ్రులు ఉన్నారిక్కడ, మీ అబ్బాయి సెలవుకొస్తే కరెంటు మోటారు దగ్గరికి పంపకండమ్మా. ఆ పని నేను చేస్తా, నన్ను పిలవండి.

(నవ్వులు)

నవ్వినా నిజమే చెబుతున్నా.

ఇక ప్రభుత్వం ఏం చేస్తుందో చూడాలి. 1982 రూల్లో సైనికుడి పక్కన ఉన్న ఆ అనుకోలును ఒక్కో మెట్టూ కిందికి దించుతూ వస్తున్నారు. 2008లో కొత్త నిబంధనలు తెచ్చి, జబ్బు ఉద్యోగంలో ఉండగా బయటపడినంత మాత్రాన ఉద్యోగం వల్ల వచ్చినట్టు కాదన్నారు. 2023 సెప్టెంబరు 21న ఇంకోసారి మార్చారు. దాని తర్వాత పూర్తి సర్వీసు చేసి రిటైరయ్యేవాళ్లకు వైకల్య భాగం అన్న పేరే తీసేసి వేరే పేరు పెట్టారు, బీపీ, షుగర్ లాంటి జబ్బులకు శాతాలు తగ్గించారు. అంతకు ముందు రిటైరైనవాళ్లకు పాత రూళ్లే వర్తిస్తాయి, ఈ తేదీ గుర్తుపెట్టుకోండి. కోర్టులు ఇంకా సైనికుడి వైపే చూస్తున్నాయి. అనుకోలు తీసేసినా కారణం రాయాల్సిన బాధ్యత బోర్డుదే అంటున్నాయి. 2025 జూలైలో కేంద్రం వేసిన దాదాపు 300 పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు ఒక్కసారే కొట్టేసింది. గెలిచిన జవాన్ల మీద ప్రభుత్వమే మళ్లీ కోర్టుకు పోయిన కేసులవి. పంట బీమా కంపెనీ రైతు మీద అప్పీలుకు పోయినట్టుంది.

ఎందుకు మార్చారంటే, దుర్వినియోగం అవుతోందన్నారు. కాగ్ లెక్క చూపించారు. 2015-16 నుంచి 2019-20 మధ్య రిటైరైన ఆఫీసర్లలో దాదాపు 40 శాతం, జవాన్లలో 18 శాతం వైకల్య పింఛనుతో వెళ్లారట. ఈ లెక్క చదివి నాకు అనిపించింది చెబుతా. ముందు నడిచేది, బరువు మోసేది, గుడారంలో పడుకునేది ఎక్కువగా జవాను. అట్టాంటప్పుడు జబ్బు ఆఫీసర్లకే రెట్టింపు పైన ఎట్టా వచ్చింది? జబ్బు ఎక్కువ రాలేదు, కాగితం చదవడం ఎక్కువ వచ్చు. అప్పీలు ఎట్టా రాయాలో తెలుసు. తెలిసినోడు అడిగి తీసుకున్నాడని రూలు బిగిస్తే, ఆ ఉచ్చు తెలియనోడి మెడకు పడుద్ది. మనకు ఇది తెలియని కథ కాదు. రుణమాఫీలో చూశాం, కౌలు కార్డుల్లో చూశాం.

అగ్నివీరుల సంగతి ఇంకా గట్టిది. 2022 జూన్ నుంచి మన కుర్రాళ్లు పోతున్నది ఆ దారినే. నాలుగేళ్లు, తర్వాత నూటికి 25 మందినే ఉంచుతారు. వాళ్లకు వైకల్య పింఛను అన్నదే లేదు. ఉద్యోగం వల్ల వైకల్యం వస్తే ఒకేసారి నగదు. 100 శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. దాంతోపాటు మిగిలిన కాలం జీతం, సేవానిధి. వినడానికి 15 లక్షలు పెద్ద మాటే. పలకా పెన్సిలూ తీసుకొని లెక్క వేయండి. ఇందాకటి 6,000 వైకల్య భాగం ఏడాదికి 72,000. కుర్రాడికి 22 ఏళ్లు. 70 ఏళ్లు బతికితే 48 ఏళ్లకు 34 లక్షల 56 వేలు. ఇందులో కరువు భత్యం కలపలేదు, సర్వీసు భాగం కలపలేదు. మాజీ సైనికుడి హోదా లేదు, జబ్బు చేస్తే చూసే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు. పైగా ఒకేసారి వచ్చిన డబ్బు మన ఇళ్లల్లో ఏమవుతుందో చెప్పాలా? ముందు అప్పులోడు వాకిట్లో కూర్చుంటాడు.

శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ అగ్నివీరుడే. 2025 మేలో సరిహద్దు కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం ప్రకటించింది. మంచి పని, చేయాల్సిందే. నేనడిగేది, అదే కాల్పుల్లో కాలు పోయి బతికొచ్చినోడి ఇంటికి ఎంతమంది నాయకులు పోతారు? మన కారంపూడిలో వీరులకు గుడి ఉంది, ఏటా కార్తీక అమావాస్యకు తిరునాళ్లు చేస్తాం, ఆయుధాలకు మొక్కుతాం. నాగులేరు ఒడ్డున చచ్చినోళ్ల పేర్లన్నీ మనకు నోటికొచ్చు. ఆ యుద్ధం నుంచి కుంటుకుంటూ ఇంటికొచ్చినోళ్లు కూడా ఉండే ఉంటారు కదా, ఒక్క పేరు చెప్పండి చూద్దాం.

ఇక చేయాల్సిన పనులు. వరసగా రాసుకోనక్కర్లేదు, ఈ ప్రసంగం పత్రికలో వేస్తామన్నారు.

మొదటిది గడువు. పింఛను లేదని ఉత్తరం వస్తే ఆరు నెలల్లోపు మొదటి అప్పీలు వేయాలి. అదీ కాదంటే మళ్లీ ఆరు నెలల్లో రెండో అప్పీలు. ఆ తర్వాత సైనిక ట్రిబ్యునల్. 2007 చట్టం కింద పెట్టారు, 2009 నుంచి పనిచేస్తోంది. మన ఆంధ్రకు చెన్నై బెంచి. గడువు దాటిపోయిందని వదిలేయొద్దు. పింఛను నెలనెలా రావాల్సింది కాబట్టి హక్కు చచ్చిపోదు. కానీ బకాయి పోతుంది. తర్సేమ్ సింగ్ అనే ఆయన్ని 1983లో పంపేశారు, ఆయన 1999లో కోర్టుకొచ్చాడు. 2008లో సుప్రీంకోర్టు పింఛను ఇస్తాం గానీ బకాయి కేసు వేసిన రోజుకు వెనక మూడేళ్లదే అంది. పదమూడేళ్ల డబ్బు ఆలస్యానికి పోయింది.

రెండోది, మెడికల్ బోర్డు కాగితాల పూర్తి నకలు. పింఛను లేదన్న ఉత్తరం కాదు, లోపలి కాగితాలు. లేకపోతే సమాచార హక్కు కింద రికార్డు ఆఫీసును అడగాలి. ఏఓసీ, ఈఎంఈ వాళ్లకు సికింద్రాబాద్‌లోనే, మద్రాస్ రెజిమెంట్ వాళ్లకు వెల్లింగ్టన్‌లో. చేరిన రోజు పరీక్షలో ఏమీ లేదని రాసిన కాగితం అన్నిటికంటే విలువైంది. ఎక్కడెక్కడ పనిచేశాడో, ఎన్నేళ్లు కొండల్లో, ఎన్నేళ్లు సరిహద్దులో ఉన్నాడో అదీ తీసుకోవాలి.

మూడోది పేరు. ఇప్పుడు పింఛన్లన్నీ స్పర్శ్ అనే కంప్యూటర్ పద్ధతిలోకి మారాయి. మనవాళ్ల పేర్లకు ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట పొడి అక్షరం. పట్టాదారు పాసుపుస్తకంతో ఆధార్ కలవక మనం పడే తిప్పలే అక్కడా. పింఛను ఆగిపోయాక పరిగెత్తేకంటే ముందే సరిచేయించుకోవాలి.

రెండు పొరపాట్లు మాత్రం చేయొద్దు. సదరం సర్టిఫికెట్టులో ఎంత శాతం వచ్చిందన్నదానికీ దీనికీ సంబంధం లేదు. అది రాష్ట్ర పింఛనుకు, 40 శాతం కావాలి. ఇది సైన్యం బోర్డు చెప్పే శాతం, 20 చాలు. రెండోది, మన ఊళ్లల్లో యూనిఫాం వేసుకున్నోళ్లందర్నీ మిలిటరీ అనేస్తాం. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లకు ఈ రూళ్లు కావు, వాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల అసాధారణ పింఛను నిబంధనలు. వాళ్లు పోవాల్సింది హైకోర్టుకు, సైనిక ట్రిబ్యునల్‌కు కాదు.

పశ్చిమ గోదావరిలో మిలిటరీ మాధవరం అని ఊరుంది. తరతరాలుగా ఇంటింటా సైనికులు. అట్టాంటి ఊళ్లో కాగితం పట్టుకొని పక్కింటి తాత దగ్గరికి పోతే చెబుతాడు. మనకా పక్కింటి తాత లేడు. గుంటూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, అక్కడ ఫారాలు పూర్తి చేసి పెడతారు, డబ్బు తీసుకోరు. మధ్యలో ఎవరైనా వచ్చే బకాయిలో వాటా ఇమ్మంటే ఇవ్వకండి.

కార్యవర్గానికి నా ప్రతిపాదన ఒకటే. ప్రతి ఊరి శాఖ ఆ ఊళ్లో మాజీ సైనికులు, వాళ్ల భార్యలు, అగ్నివీరులుగా పోయిన కుర్రాళ్ల తల్లిదండ్రులు ఎంతమంది ఉన్నారో జాబితా రాయాలి. వచ్చే నెల మొదటి ఆదివారం సంఘం ఆఫీసులో పొద్దున పదింటికి కూర్చుందాం. పింఛను కాగితం, డిశ్చార్జి పుస్తకం, మెడికల్ బోర్డు కాగితాలు, వచ్చిన ఉత్తరాలన్నీ తెండి. చిరిగినవైనా తెండి, నకళ్లు తీయించే ఖర్చు సంఘానిది. ఇంగ్లీషు చదివే ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెడతాను. నానా అని కొట్టిన కాగితాలను ముందు చూద్దాం.